ఆట ఫ్రీయే... మరి జీతాలెవరిస్తారు?

సాయంత్రం సరదాగా క్రికెట్ ఆడదామంటే ఇప్పుడు ముందు ఫోన్లో టర్ఫ్ స్లాట్ చూసుకోవాలి. గంటకి ఇంత అని కట్టాలి. ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు పదిమంది పంచుకుంటే సరిపోతుంది. మరి ఎనిమిదేళ్ల పిల్లాడు ఎవరితో పంచుకుంటాడు? వాడికి డబ్బు అడగని చోటు కావాలి. కానీ అలాంటి చోటుని నడపడానికి డబ్బు కావాలి. ఈ చిక్కుముడి దగ్గర లండన్ లాంటి నగరమే తడబడింది.

అక్కడ అడ్వెంచర్ ప్లేగ్రౌండ్లని ఉంటాయి. జారుడుబల్ల, ఉయ్యాల టైపు పార్కులు కావివి. పాత చెక్కలు, తాళ్లు, సుత్తి, మేకులు ఇచ్చి పిల్లల్నే కట్టుకోమంటారు. 1943లో డెన్మార్క్‌లోని ఎండ్రప్‌లో మొదలైన ఐడియా ఇది. యుద్ధం అయ్యాక లేడీ అలెన్ అనే ఆవిడ దాన్ని చూసొచ్చి బ్రిటన్‌లో ప్రచారం చేశారు. పిల్లల చేతికి సుత్తి ఇచ్చాక పక్కన పెద్దవాళ్లు ఉండాలిగా! వాళ్లే ప్లేవర్కర్లు. అసలు ఖర్చంతా వాళ్ల జీతాలే. చెక్కలు ఎవరైనా ఊరికే ఇస్తారు, మనిషిని ఇవ్వరు.

2008లో బ్రిటన్ ప్రభుత్వం పిల్లల ఆటస్థలాలకి 23.5 కోట్ల పౌండ్లు ప్రకటించింది. 2010లో ప్రభుత్వం మారింది, పొదుపు మొదలైంది. లండన్‌లోని బ్యాటర్‌సీ పార్కు సంగతే చూడండి. 2011లో అక్కడి కౌన్సిల్, వారాంతాల్లో పిల్లాడికి రెండున్నర పౌండ్లు వసూలు చేద్దామంది. పెద్ద గొడవైంది. చివరికి 2013 మొదట్లో ఆ ప్లేగ్రౌండ్‌ని కూల్చేశారు. దాని బదులు మనుషులక్కర్లేని మామూలు ఆట పరికరాలు పెట్టారు. రెండేళ్లకి అదే పార్కులో చెట్ల మీద తాళ్లు కట్టి, టికెట్ పెట్టి ఆడించే ప్రైవేట్ కంపెనీ వచ్చింది. ఆట పోలేదు, రేటు వచ్చి చేరిందంతే.

టికెట్ పెడితే ఎవరి కోసం కట్టారో వాళ్లే రారు. అందుకే తెలివైనవాళ్లు పిల్లల్ని వదిలేసి వేరే చోట వసూలు చేస్తారు. పొద్దున పిల్లలు బడిలో ఉంటారు కాబట్టి అప్పుడు స్థలాన్ని స్కూళ్లకి అద్దెకివ్వడం, ఆదివారం బర్త్‌డే పార్టీలకివ్వడం లాంటివన్నమాట. బ్రిస్టల్‌లో 1982 నుంచీ ఒక స్క్రాప్‌స్టోర్ ఉంది. ఫ్యాక్టరీలు పారేసే అట్టలు, గుడ్డముక్కలు, గొట్టాలు సేకరించి, మెంబర్‌షిప్ కట్టినవాళ్లకి ఇస్తుంది. అలాంటి సామానుతో నింపిన ‘ప్లేపాడ్’లని స్కూళ్లకి అమ్ముతుంది కూడా. చెత్తలోంచి జీతాలు! నాకైతే ఈ మోడలే బాగా నచ్చింది.

టోక్యోలోని సెతగయా వార్డుది ఇంకో దారి. అక్కడి హనెగి ప్లేపార్క్ 1979 నుంచి నడుస్తోంది. వార్డు ఆఫీసు డబ్బు పెడుతుంది, నడిపేది మాత్రం స్థానికులు. పిల్లలు తవ్వుతారు, మంట కూడా వేసుకుంటారు.

ఇక మన వైపు. బెంగళూరులో ఆంట్‌హిల్ క్రియేషన్స్ అనే సంస్థ పాత టైర్లతో ఆటస్థలాలు కడుతోంది. ఇలాంటి వాటికి కంపెనీల సీఎస్ఆర్ నిధులు దొరుకుతాయి. కానీ దాతలకి రిబ్బన్ కటింగ్ ఫొటో మీదున్న ప్రేమ, రెండో ఏడాది ఊడిపోయే బోల్టుల మీద ఉండదు. ఒప్పందంలోనే మూడేళ్ల మెయింటెనెన్స్ రాయించుకోవడం మంచిది.

రెండొందల ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకి నెలకి 20 రూపాయలు వేసుకుంటే 4,000 వస్తాయి. ఫుల్‌టైమ్ జీతానికి ఏ మూలకీ చాలదు. సాయంత్రం రెండు గంటలు పిల్లల్ని చూసుకునే డిగ్రీ స్టూడెంట్‌కి పాకెట్ మనీ అవుతుంది. అయితే పక్క బస్తీ పిల్లల్ని గేటు లోపలికి రానిస్తారా లేదా అన్నది కూడా ఆ అసోసియేషన్ మీటింగులోనే తేల్చుకోవాలి. గొడవ అక్కడే మొదలవుతుంది మరి!