రౌటరు విద్య – ప్రయోగపరీక్షకు సాధన

ఎర్రగడ్డనుండి మెట్రోరైలులో మూడవ స్టేషను అమీరుపేట. కంప్యూటరు విద్య నేర్పు సంస్థల బోర్డులు ఆ వీధుల గోడలను కప్పియుండుట మన విద్యార్థులు చూచుచున్నదే. పాఠశాల విడిచిన పిదప పలువురు అచ్చటికే పోవుదురు గావున, అచ్చటి విద్యలలో నొకటియైన రౌటరు విద్యను, దాని ప్రయోగపరీక్షను గూర్చి కొంత వివరింపదలచితిమి.

రౌటరనగా నేమి? మియాపూరునుండి నాగోలుకు పోవువాడు అమీరుపేటలో దిగి వేరొక లైను బండి నెక్కవలెను. ఇంటర్నెట్టులో సమాచారమును అట్లే చిన్న చిన్న పొట్లములుగా విడివడి ప్రయాణము చేయును. ప్రతి పొట్లముమీదను చేరవలసిన చిరునామా యుండును. రౌటరు దానిని చూచి, తరువాతి మజిలీ నిర్ణయించి పంపును. దగ్గరదారి యేదో రౌటర్లు తమలో తాము తెలిసికొనుటకు ఓ.ఎస్.పి.ఎఫ్. వంటి నియమావళులు కలవు. డచ్చి శాస్త్రజ్ఞుడగు డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన గణితపద్ధతియే దానికి మూలము.

ఈ విద్యలో పేరుగాంచిన పరీక్ష సి.సి.ఐ.ఇ. సిస్కో కంపెనీ దానిని 1993లో నెలకొల్పెను. ముందుగా నొక అర్హతపరీక్షలో గెలువవలెను. పిదప 8 గంటల ప్రయోగపరీక్ష. అందు మొదటి 3 గంటలు నెట్‌వర్కు నిర్మాణమును గూర్చిన ప్రశ్నలు. తక్కిన 5 గంటలు రౌటర్లను అమర్చి నడుపుట, చెడినచోట బాగుచేయుట. ఒక్కమారు పరీక్షకు కూర్చుండుటకే రుసుము లక్ష రూపాయలకు మించును. కావున తొలిమెట్టగు సి.సి.ఎన్.ఏ. ఎక్కక దీనికి తొందరపడరాదు.

సాధన యెట్లు చేయవలెను? యంత్రములు కొననక్కరలేదు. జీ.ఎన్.ఎస్. 3, ఎఫ్.ఆర్.ఆర్. వంటి ఉచిత సాఫ్ట్‌వేరులతో ఇంటి కంప్యూటరులోనే రౌటర్లను కల్పింపవచ్చును. రెండింటిని కలిపి ఓ.ఎస్.పి.ఎఫ్. నడుపుడు. సామాన్యముగా అవి 10 సెకండ్లకొకమారు పలుకరించుకొనును. 40 సెకండ్లు పలుకు వినబడనిచో పొరుగుది పోయినదని తలంచును. ఇపుడొకదానిలో 10కి మారుగా 5 అని వ్రాయుడు. పింగుకు జవాబు వచ్చును గాని పొరుగుసంబంధము కుదరదు. పలుకరింపు గడువు ఇరువైపుల నొక్కటిగా నుండవలెనని నియమము. మేము తొలుత నిది యెరుగక, ఒక సాయంకాలమంతయు బాగుగానున్న చిరునామాలనే మార్చి మార్చి వ్రాసితిమి! ఆ సాయంకాలము నేర్పిన పాఠమును మరల మరువలేదు.

కావున మంచి సాధన యేదనగా, మిత్రుడు రహస్యముగా చెడగొట్టిన నెట్‌వర్కును మీరు గడియారము ముందుంచుకొని బాగుచేయుట. క్రిందినుండి పైకి పోవలెను: మొదట తీగ, పిదప చిరునామా, పిదప పొరుగు, తుదకు మార్గము. ఒకమారు ఒక్కటియే మార్చి, మార్చినది పుస్తకమున వ్రాసికొనవలెను. ఫలింపనిచో యథాస్థితికి తేవలెను.

ఇక నొక హెచ్చరిక. రాబోవు ప్రశ్నలివియేయని జవాబులతోసహా అమ్మువారు కలరు. అవి కొని వల్లించుట మోసము. పట్టుబడినచో పట్టా రద్దగును. పట్టుబడకున్నను చేటు తప్పదు. అర్ధరాత్రి ఆసుపత్రి నెట్‌వర్కు నిలిచిపోయి, రోగి రక్తపరీక్షాఫలితము వైద్యునికి చేరనప్పుడు, వల్లించిన జవాబు దారి చూపునా?

తల్లిదండ్రులకు మా మనవి: సంస్థలో సొమ్ము కట్టకముందు, బోర్డుమీది ఉద్యోగముల లెక్క చూడక, “మా బిడ్డ దినమున కెన్ని గంటలు స్వహస్తముతో రౌటరుమీద పనిచేయును?” అని యడుగుడు. విద్యార్థులారా, ఈత గట్టుననుండి చూచినంతమాత్రమున రాదు. నీటిలో దిగినవానికే అది వచ్చును. ఈ విద్యయు నట్టిదే.