చిన్న పంపుతో ఇంట్లో బీర్: కొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి

అమెరికాలో ఉన్న మన సబ్‌స్క్రైబర్లు కొందరు అడుగుతున్నారు: "బ్రో, హోమ్ బ్రూయింగ్‌కి చీప్ పంపు సరిపోతుందా?" సరిపోతుంది. కానీ ఏ పంపు ఎక్కడ అన్నదే అసలు విషయం.

ముందే ఒక మాట. మన వట్లూరులోనే కాదు, ఏపీలో ఎక్కడైనా సరే లైసెన్స్ లేకుండా ఇంట్లో బీర్ తయారు చేయడం నేరం. "నాటుసారా కాదు కదా, బీరే కదా" అంటే కుదరదు. అందుకే నా టేబుల్ మీద ఉన్నవి ఉత్త మంచినీళ్ళే. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల సొంత వాడకానికి కాచుకోవచ్చు. అక్కడ కూడా మీ రాష్ట్రం రూల్ చూసుకోండి. మిసిసిపీ, అలబామా 2013లో గానీ ఒప్పుకోలేదు.

ఇప్పుడు లెక్క. 20 లీటర్లని ఒక మీటరు ఎత్తుకి ఎక్కించడానికి కావాల్సింది దాదాపు 200 జౌల్స్. 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 20 సెకన్లు వెలిగినంత, అంతే! పైపులో, పంపులో కొంత వేస్ట్ అయినా 12 వోల్టుల బుల్లి పంపు చాలు. అంటే ప్రాబ్లమ్ పవర్ కాదు, వేడి.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని 65 డిగ్రీల దగ్గర నీళ్ళలో నానబెడతారు. ఆ తీపి రసాన్ని వోర్ట్ అంటారు. దాన్ని హాప్స్‌తో మరిగించి, 20 డిగ్రీలకి చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. కాబట్టి కొనే ముందు అడగాల్సిన ప్రశ్న: నా పంపు వోర్ట్ వైపా, నీళ్ళ వైపా?

వోర్ట్ వైపు అయితే లేబుల్ మీద 100 డిగ్రీలు, ఫుడ్ గ్రేడ్ రెండూ ఉండాలి. పైపు కూడా అంతే. మరిగే రసం ఉన్నప్పుడు పైపు ఊడితే కాళ్ళు కాలిపోతాయి, క్లిప్ బిగించండి.

ఇంకోటి, పంపు గిన్నె కంటే కింద ఉండాలి. మన కొల్లేరు వైపు చెరువు గట్టు మీద ఇంజిన్‌లో ముందు నీళ్ళు పోసి స్టార్ట్ చేస్తారు కదా, ఈ బుల్లి పంపుకీ అదే రూల్. ఖాళీగా ఉంటే లాగలేదు. పైగా మరిగే నీళ్ళని అసలు పైకి పీల్చలేం. పీల్చబోతే పంపులోకి ఆవిరి బుడగలే వస్తాయి. అందుకే స్పీడ్ తగ్గించాలంటే బయటికొచ్చే పైపు దగ్గరే కుళాయి తిప్పండి. లోపలికెళ్ళే వైపు ఎప్పుడూ నొక్కొద్దు.

నీళ్ళ వైపు అయితే పని ఈజీ. డాలస్ ఎండల్లో కుళాయి నీళ్ళే వెచ్చగా వస్తాయి, వాటితో 20 డిగ్రీలకి దిగదు. ముందు కుళాయి నీళ్ళతో వేడి తగ్గించి, తర్వాత బకెట్‌లో ఐస్ నీళ్ళు పోసి, వోర్ట్‌లో ముంచిన రాగి కాయిల్ గుండా తిప్పండి. ఇక్కడ పంపుకి తగిలేది చల్లటి నీళ్ళే, అదీ కాయిల్ లోపలే. అన్నిటికన్నా చవక పంపు ఇక్కడ పెట్టొచ్చు. కాకపోతే డైరెక్ట్ కరెంటుతో నడిచేది కాకుండా 12 వోల్టులదే తీసుకోండి. తడి చేతులతో చేసే పని కదా.

చివరిగా క్లీనింగ్. వోర్ట్ పంపులో తీపి మిగిలితే బ్యాక్టీరియాకి పండగే. పని అయిన వెంటనే వేడి నీళ్ళు తిప్పి, పంపు తల విప్పి కడగండి. విప్పడానికి రాని పంపు వోర్ట్ వైపు వద్దే వద్దు.

డబ్బు మిగల్చాలంటే నీళ్ళ వైపు మిగల్చండి, వోర్ట్ వైపు కాదు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!