కొత్త జిమ్ము, పాత కాన్వాస్ బూట్లు

డంబెల్ ఎత్తకముందే పర్సు బరువు తగ్గిపోతోంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టేవారు దేనికి ఖర్చుపెట్టాలి, దేన్ని షాపులోనే వదిలేయాలి?

జనవరి మొదటి వారంలో హైదరాబాద్‌లోని ఏ కాలనీ జిమ్ మెట్లెక్కినా కొత్తవాళ్లను ఇట్టే పోల్చుకోవచ్చు. టీషర్టు మీద ఇంకా షాపు మడతల గీతలుంటాయి. చేతులకు వేళ్లు లేని తోలు గ్లౌజులు, నడుముకు వెడల్పాటి బెల్టు, కాళ్లకు కళ్లు చెదిరే రంగు రన్నింగ్ బూట్లు, పక్కన ప్రొటీన్ షేకర్. ఆ మూల ఏళ్ల తరబడి వస్తున్న పెద్దమనిషి మాత్రం వెలిసిపోయిన బనీను, అరిగిన కాన్వాస్ బూట్లతో చప్పుడు లేకుండా వంద కిలోలు ఎత్తి దించుతుంటాడు. ఫిబ్రవరి చివరికి ఆయన అక్కడే ఉంటాడు. కొత్తవాళ్లలో చాలామంది గ్లౌజులు స్కూటర్ డిక్కీలోకి, బూట్లు పెట్టెలోకి చేరిపోతాయి.

మన తాలింఖానాలకు ఈ హంగామా తెలియదు. కోడి రామ్మూర్తి నాయుడు (1882-1942) బలప్రదర్శనలతో దేశాన్ని ఉర్రూతలూగించిన కాలంలో ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు సాము చేయడానికి గోచీ, కాస్త నూనె, గోదాలో ఎర్రమట్టి ఉంటే చాలు. తర్వాతి తరాలకు స్కూల్లో పీటీ పీరియడ్‌కు తొడుక్కున్న తెల్ల కాన్వాస్ బూట్లే సర్వస్వం. 2007లో కథ మారింది. ఆ ఏడాది మొదట్లో దేశముదురులో అల్లు అర్జున్, చివర్లో ఓం శాంతి ఓంలో షారుక్ ఖాన్ చొక్కా విప్పి ఆరు పలకల పొట్ట చూపించారు. ఆ తర్వాత వీధివీధికీ జిమ్ వెలిసింది, దాని వెనకే దుస్తుల మార్కెటూ వచ్చింది. 2009లో బెంగళూరులో తొలి కేంద్రం తెరిచిన ఫ్రాన్స్ కంపెనీ డెకథ్లాన్ ఇప్పుడు మన నగరాల శివార్లలోనూ కనిపిస్తుంది. విచిత్రమేమంటే సరుకులో చాలా భాగం మన దగ్గరే తయారవుతుంది. అల్లిక బట్టకు తిరుప్పూర్, క్రీడా సామగ్రికి మీరట్, జలంధర్ పెట్టింది పేరు.

అసలు డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. ఎక్కువమంది పొరపడేదీ అక్కడే. రన్నింగ్ బూటు అడుగున మెత్తటి నురుగు ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి తగిలే అదురును మింగేయడం దాని పని. ట్రెడ్‌మిల్ వరకు భేషుగ్గా ఉంటుంది. అదే బూటుతో భుజాల మీద బార్ పెట్టుకుని గుంజీ తీస్తే ఆ నురుగు ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ నొక్కుకుపోతుంది. పరుపు మీద నిలబడి బియ్యం బస్తా ఎత్తితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. చీలమండ వణుకుతుంది, మోకాలు లోపలికి వాలుతుంది. అందుకే వెయిట్‌లిఫ్టర్ల బూట్లకు అడుగు గట్టిగా, మడమ కాస్త ఎత్తుగా ఉంటుంది. కొత్తవాళ్లకు అంత ప్రత్యేకమైనవి అక్కర్లేదు. బల్లపరుపు అడుగున్న కాన్వాస్ బూట్లు బరువులకు చక్కగా సరిపోతాయి. 1917 నాటి కన్వర్స్ నమూనాను ఈనాటికీ ఎంతోమంది లిఫ్టర్లు తొడుక్కునేది సోకు కోసం కాదు. కొంత నడక, కొంత బరువులు కలిపి చేసేవారు ట్రైనింగ్ షూ అని అమ్మే గట్టి అడుగు రకం చూసుకోవాలి. బొటనవేలితో మడమ కింది భాగాన్ని నొక్కండి. స్పాంజిలా లోపలికి పోతే దాన్ని పరుగుకు ఉంచేయండి.

కొనడానికి సాయంత్రమే మేలు. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, వ్యాయామంలోనూ అంతే. జిమ్‌కు వేసుకునే సాక్స్‌తోనే తొడిగి చూడాలి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. బజార్లో ‘ఫస్ట్ కాపీ’ పేరుతో దొరికే నకిలీల్లో చిహ్నం అసలు దానిలాగే ఉంటుంది గానీ అడుగు ఏ నెలలో ఊడుతుందో అమ్మేవాడికీ తెలియదు. ఆ డబ్బుకు పేరు లేని నిజాయితీ గల కాన్వాస్ జత మంచిది.

బెల్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఊపిరి బిగబట్టి పొట్టను బెల్టు మీదకు నెట్టినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి వెన్నుకు ఊతం దొరుకుతుంది. శక్తికి మించినంత పని బరువు ఎత్తేవారికి అది ఉపయోగం. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో 10 సెంటీమీటర్ల వెడల్పు, 13 మిల్లీమీటర్ల మందం దాటకూడదని నిబంధన కూడా ఉంది. ఖాళీ బార్‌తో తంటాలు పడే మొదటి నెలలో నడుముకు అది వడ్డాణమే. గ్లౌజులూ అంతే. అవి పట్టును మందం చేసి బార్‌ను జార్చేస్తాయి. అరచేతిలో కాయ కాస్తుందని భయపడేవారు కాస్త కాయనివ్వాలి. చెమట చేతులైతే మెగ్నీషియం కార్బొనేట్ పొడి, అంటే జిమ్ భాషలో చాక్, చిటికెడు చాలు.

ఇక బట్టలు. నూలు మంచిదా, పాలియెస్టరా అన్నది తెగని తగువు. గాలిలోని తేమను నూలు తన బరువులో దాదాపు 8 శాతం దాకా పట్టి ఉంచుకుంటుంది. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. అందువల్ల నూలు బట్ట చెమటను పీల్చి బరువెక్కి ఒంటికి అంటుకుంటుంది. పాలియెస్టర్‌లో చెమట దారాల మధ్య పరచుకుని త్వరగా ఆరుతుంది. ‘డ్రై’ అనే మాట ఉన్న ప్రతి చీటీ వెనకున్న రహస్యం ఇంతే. అయితే విశాఖలోనో, మచిలీపట్నంలోనో ఆగస్టు సాయంత్రం గాలే తడిసి ఉన్నప్పుడు ఎంత ఖరీదైన బట్టయినా ఆరడం కష్టం. పైగా పాలియెస్టర్ ఒంటి జిడ్డును పట్టుకుని ఉతికాక కూడా వాసన వదలదు. ముప్పావు గంట బరువులెత్తడానికి ఇంట్లో ఉన్న పాత నూలు టీషర్టుకు పేరు పెట్టాల్సింది లేదు. ఎక్కువసేపు పరుగెత్తేవారికే తేడా నిజంగా తెలుస్తుంది.

ఏ బట్ట అన్నదానికన్నా ఎంతసేపు ఒంటి మీద ఉంచుకున్నామన్నది పెద్ద విషయం. తామర ఈమధ్య మన దేశంలో చర్మవైద్యులకు పెద్ద తలనొప్పిగా మారింది. మామూలు మందులకు లొంగని ఒక శిలీంధ్రం దీనికి ప్రధాన కారణం. భారత్, నేపాల్‌లకు చెందిన రోగుల నుంచి జపాన్‌లో వేరుచేసిన దానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపెట్టారు. పేరులోనే మన దేశం ఉంది. తడిసిన బిగుతు బట్టలు, తొడల మధ్య రాపిడి దీనికి పండగే. జిమ్ అయ్యాక అదే లెగ్గింగ్‌తో గంటసేపు కాఫీ కబుర్లు చెప్పుకునే అలవాటు మానుకోవాలి. సంచిలో పొడి లోదుస్తులు, సొంత తువాలు ఉండాలి. తడి బట్టలు రాత్రంతా సంచిలో మూటగట్టి ఉంచకూడదు. దురద మొదలైతే మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము అడిగి తెచ్చుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని. ఎరుపు తగ్గినట్టే తగ్గి లోపల విస్తరిస్తుంది.

ఆడవాళ్ల విషయంలో లెక్క వేరు. చాలామందికి బరువుల కన్నా ‘ఏం వేసుకుని వెళ్లాలి, ఎవరేమనుకుంటారు’ అన్నదే పెద్ద బరువు. వదులు టీషర్టు, కాళ్లకు ట్రాక్‌ప్యాంటు చాలు. చుడీదార్ వేసుకున్నా తప్పు లేదు. చున్నీ మాత్రం బయటే ఉండాలి. తిరిగే ట్రెడ్‌మిల్ బెల్టులో కొంగు చిక్కితే తప్పించుకునే వ్యవధి ఉండదు. ఆ యంత్రానికి వేలాడే ఎర్ర తాడు క్లిప్పును బట్టలకు తగిలించుకోవాలన్న సంగతి ఎందరు ట్రైనర్లు చెబుతున్నారు? కిందపడితే తాళం ఊడి యంత్రం ఆగిపోవడానికే అది.

ఖర్చుకు వెనకాడకూడనిది స్పోర్ట్స్ బ్రా. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే ముగ్గురు మగవాళ్ల క్రీడా లోదుస్తులు రెంటిని కలిపి కుట్టి మొదటిదాన్ని తయారుచేశారు. రొమ్ము తనంతట తాను నిలబడటానికి అందులో కండరాలు లేవు. పరుగులో, గెంతులో అది ఊగినకొద్దీ నొప్పి. కింది పట్టీలోకి రెండు వేళ్లు దూరాలి, అంతకన్నా వదులు కూడదు. బరువు మోయాల్సింది ఆ పట్టీయే. భుజాల మీద తాళ్లు కోసుకుపోతుంటే సైజు తప్పినట్టు. ట్రయల్ రూములో నాలుగు గెంతులు వేసి చూడాలి. మగ సేల్స్‌మెన్ మాత్రమే ఉండే చిన్న ఊళ్లలో ఇది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. సిడ్నీలో 2000లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన తెలుగుదేశంలో ఇంకా ఈ మొహమాటం!

చివరిగా ఒక హెచ్చరిక. రబ్బరులాంటి బట్టతో ఒళ్లంతా కప్పే చెమట సూట్లు, పొట్టకు చుట్టే బెల్టులు ‘కొవ్వు కరిగిస్తాయి’ అంటూ జోరుగా అమ్ముడవుతున్నాయి. కరిగేది నీరు. రెండు సీసాల నీళ్లు తాగగానే తగ్గిన కిలో తిరిగొస్తుంది. 1997 నవంబర్, డిసెంబర్‌లలో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ యోధులు బరువు తగ్గడానికి ఇలాంటి సూట్లలో వ్యాయామం చేస్తూ వారాల వ్యవధిలో చనిపోయారు. మరుసటి ఏడాది అక్కడి కాలేజీ క్రీడల సంస్థ కుస్తీలో ఆ సూట్లను నిషేధించింది. చావులు చలికాలంలో జరిగాయని గుర్తుంచుకోవాలి. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో ఏసీ లేని షెడ్డు జిమ్‌లో అలాంటిది తొడుక్కునే కుర్రాడిని ఊహించుకోండి.

మొదటి నెల ఇంట్లో ఉన్న బట్టలతో, తువాలు, నీళ్ల సీసాతో వెళ్లండి. ఆడవాళ్లు దీనికి మంచి బ్రా ఒకటి చేర్చుకోవాలి. కనీసం పన్నెండుసార్లు వెళ్లాక, రెండో నెల జీతం నుంచి బూట్లు కొనుక్కోండి. అప్పటికి ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు గడుపుతున్నారో, బార్ దగ్గరో మీకే తెలిసిపోతుంది. బెల్టు సంగతి ఆ మూల పెద్దమనిషిని అడగండి. ఆయన తనది ఎప్పుడు కొన్నాడో, అసలు కొన్నాడో లేదో చెబుతాడు.