కీర్తి షెల్లుది, శ్రమ తీగలది

వృత్తాకారమున బిగించిన చర్మము, వీణతీగవలె గాక, తన మూలస్వరమునకు పూర్ణసంఖ్యల రెట్లు కాని ఉపస్వరములను పుట్టించునని గణితజ్ఞులు చిరకాలముగా ఎఱుగుదురు. మూలస్వరమును 1 అనుకొన్నచో తరువాతివి 1.59, 2.14, 2.30 అను నిష్పత్తులలో నుండుటచేత ఆ ధ్వని చెవికి శ్రుతిబద్ధముగా తోచదు. మృదంగపు కుడిమొగమున ఇనుపరాతి పొడిని అన్నపు ముద్దతో కలిపి అద్దు నల్లని పూత ఈ యపశ్రుతిని సవరించి, ఉపస్వరములను రెండు, మూడు, నాలుగు రెట్ల చెంతకు చేర్చుచున్నదని సి. వి. రామన్, శివకాళి కుమార్ 1920లో ‘నేచర్’ పత్రికయందు వెల్లడించినప్పుడు, మన శిల్పులు తరతరములుగా చేతులతో సాధించినదానికి భౌతికశాస్త్రము సాక్ష్యము పలికెను. పాశ్చాత్యుల స్నేర్ డ్రమ్ము దీనికి కేవలము విపరీతమైన మార్గమున నడచినది. చర్మమునకు సహజమైన అపశ్రుతి చాలదన్నట్లు, అడుగున లోహపు తీగలను కట్టి, స్వరమును రవములో ముంచి, ఆ రవమునే ఆభరణముగా ధరించిన వాద్యమది. మన యూళ్ల పెండ్లి బ్యాండుమేళములలో భుజమునకు తగిలించుకొని పుల్లలతో వాయించు సైడ్ డ్రమ్ము దీని జ్ఞాతియే.

జాజ్, రాక్ వాదకులు వాడు స్నేర్ డ్రమ్ము సాధారణముగా 14 అంగుళముల వ్యాసమును, 5 మొదలు 6.5 అంగుళముల లోతును గల గుండ్రని షెల్లు. పైమొగము పుల్లదెబ్బలను సహింపవలసినది గావున అంగుళములో నూఱవవంతు మందము గల ప్లాస్టిక్ పొర. అడుగుమొగమున నుండు పొర దానిలో మూడవవంతు మందమైనను ఉండదు. పూర్వమివి దూడతోళ్లు. వానకు సడలి, ఎండకు బిగిసి, వాదకుని సహనమును దినదినము పరీక్షించు ఆ తోళ్ల స్థానమును 1950ల చివర రెమో బెల్లీ మొదలగువారు విపణికి తెచ్చిన మైలార్ పొరలు ఆక్రమించెను. అడుగుపొరకు ఆనించి, సామాన్యముగా ఇరువది సన్నని ఉక్కుతీగల చుట్టలుండును. వానిని బిగించుటకును, వలదన్నప్పుడు ఒక్క మీటతో దింపివేయుటకును ప్రక్కన ఒక చిన్న సాధనముండును. తీగలు పొరకు నిండుగా ఆనుటకై షెల్లు అడుగు అంచును ఎదురెదురుగా రెండు తావుల లేశమాత్రము పల్లముగా అరుగదీయుదురు. ప్రకటనపత్రములు ఈ పల్లమును గూర్చి మాటాడవు గాని, ఇది సరిగా కుదురనిచో ఎంత వెలగల డ్రమ్మయినను వదులుతీగల గరగరను మానదు.

పుల్ల తగిలిన క్షణమున పైపొర క్రుంగును. లోపలి గాలి యొత్తిడికి అడుగుపొర వెలికి ఉబ్బును. ఇట్లు గాలిచేత ముడివడిన రెండు పొరలు ఒకే దిక్కునకు కదలుట యొక రీతి, ఎదురెదురుగా కదలుట మఱియొక రీతి. రెండవ రీతిలో నడుమనున్న గాలి నలిగి స్ప్రింగువలె ఎదురుతన్నుటచేత స్పందనము వేగవంతమగును. అమెరికాలోని నార్తరన్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు థామస్ రాసింగ్ తన సహచరులతో ఒక డ్రమ్మును పరిశీలించి, మొదటి రీతి సుమారు 180 హెర్ట్జులకును, రెండవది సుమారు 330 హెర్ట్జులకును ఉన్నట్లు కొలిచెను.

ఇంతవరకు వినవచ్చునది మామూలు డోలు మ్రోతయే. తీగల ప్రవేశముతో కథ మాఱును. అడుగుపొర వడిగా వెలికి ఉబికినప్పుడు, చేటనుండి ఎగసిన బియ్యమువలె తీగలు దానిని విడిచి ఎగురును; పొర వెనుకకు మరలి, మరల వచ్చునప్పుడు అవియు వచ్చి దానిని తాకును. ఆ తాకిడికి పొరయందలి పైస్థాయి స్పందనము లనేకములు ఒక్కసారిగా మేల్కొని, కొన్నివేల హెర్ట్జులవరకు ప్రాకు ‘ఛట్’ మను ధ్వని జనించును. ఇందొక సూక్ష్మమున్నది: పొర కదలిక ఒక కనీస పరిమితిని దాటిననే గాని తీగలు పొరను వీడవు. ఆ పరిమితిని నిర్ణయించునది తీగల బిగువు. మితిమీఱి బిగించితిమా, మెల్లని దెబ్బకు తీగలు పలుకనే పలుకవు. వదలితిమా, దెబ్బ ముగిసినను వాని ముచ్చట ముగియదు, ప్రక్కన బాస్ గిటారు మ్రోగినను అవి తమంత తాము గరగరలాడి ధ్వనిముద్రకుని వేధించును. వాదకుడు సాధనమును అరచుట్టు త్రిప్పుటలో నున్న విద్య ఈ పరిమితిని తన చేతి బరువునకు తగినట్లు నిలుపుటయే.

అయినను వాదకుల ప్రశంస అంతయు షెల్లుకే చెందుచున్నది. షికాగోలోని స్లింగర్‌లాండ్ సంస్థ 1930లలో చేసిన రేడియో కింగ్, ఆవిరితో వంచిన ఒకే మేపుల్ పలకతో నిర్మితమై, జీన్ క్రూపా చేతిలో ఆ కాలపు స్వింగ్ వాద్యబృందముల గుండెచప్పుడయ్యెను. బెన్నీ గుడ్‌మన్ బృందముతో 1938 జనవరి 16న కార్నెగీ హాలులో అతడు చేసిన వాదనమును రసికులు నేటికిని తలచుకొందురు. షికాగోలోనే 1909లో ప్రారంభమైన లడ్విగ్ సంస్థవారి బ్లాక్ బ్యూటీ, నల్లని నికెల్ పూత పూసిన ఇత్తడి షెల్లుపై పూలతీగెలు చెక్కించుకొని 1920లనాటికే ప్రసిద్ధికెక్కెను. వారిదే సుప్రాఫోనిక్ మొదట ఇత్తడితోను, 1960ల తొలిభాగమునుండి క్రోమియము పూసిన అల్యూమినియముతోను తయారైనది. అల్యూమినియముపై ఆ పూత సరిగా పట్టక, ఏండ్లు గడచినకొలది పొక్కులెత్తి రాలుట అందఱెఱిగిన లోపమే. ఐనను మఱి యే స్నేర్ డ్రమ్మును ఇన్ని ధ్వనిముద్రణలలో వినబడలేదని వాదకలోకమున ప్రతీతి.

కొయ్య ‘వెచ్చన’, లోహము ‘కఱకు’ అని వాదకులు చెప్పుకొను విశేషణములు కేవలము భ్రమలని నేననను. బరువైన, దృఢమైన షెల్లు పొర అంచును కదలనీయక శక్తిని పొరకే తిరిగి అప్పగించును. మెత్తని కొయ్య తన అంతర్ఘర్షణచేత కొంత హరించును. పొర ఆను అంచును 45 డిగ్రీల వాలున పదునుగా చెక్కినచో స్పందనము దీర్ఘమగును, గుండ్రగా చెక్కినచో త్వరగా అణగును. పొరను షెల్లు అంచుకు బిగించి పట్టు కడియము పోత లోహపుదైనచో రేకు కడియముకంటె దృఢమై ధ్వనిని మఱింత కట్టడి చేయును. అయితే షెల్లు తానుగా గాలిలోనికి వెదజల్లు ధ్వని పొరలు వెదజల్లుదానితో పోల్చినచో స్వల్పము. రెండు డ్రమ్ములను ప్రక్కప్రక్కన వాయించి లోహభేదమునే వినుచున్నామనుకొన్నవారు, చాలవఱకు లోతు, అంచు, కడియము, తీగలు, శ్రుతి అను ఐదింటి భేదమును ఒక్కచో వినుచున్నారు.

గదిని మఱచుటయు కూడదు. లెడ్ జెప్పెలిన్ అను రాక్ బృందపు వాదకుడు జాన్ బోనమ్ 6.5 అంగుళముల లోతుగల సుప్రాఫోనిక్‌ను ప్రీతితో వాడెననుట సత్యమే. కాని 1971లో వెలువడిన ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ పాటలోని ఆ గంభీర నినాదమునకు, ఇంగ్లండులోని హెడ్లీ గ్రేంజ్ అను పాతభవనపు మెట్ల దిగువనున్న విశాలమైన నడవయు, పై అంతస్తున వ్రేలాడదీసిన రెండు మైకులును అర్ధభాగస్వాములు. ఆ డ్రమ్మును కొని, పరుపులు పఱచిన పడకగదిలో వాయించి, బోనమ్ ధ్వని రాలేదని నిట్టూర్చిన యువకులెందఱో!

తీగలు లేని లోటు ఎట్లుండునో తెలిపిన ఉదాహరణమొకటి కలదు. 2003లో మెటాలికా బృందము ‘సెయింట్ యాంగర్’ అను ఆల్బమును వెలువరించినప్పుడు, వాదకుడు లార్స్ ఉల్రిక్ మీటను దింపి, తీగలు పొరకు దూరముగా నుండగనే వాయించెను. దూషణమంతయు ఆ డ్రమ్ముపైననే కురిసెను; ఖాళీ డబ్బాను మ్రోగించినట్లున్నదని శ్రోతలు పత్రికలలో మొఱపెట్టుకొనిరి.