ఆయాసం... ఊపిరిదా? గుండెదా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతూ ఓ పెద్దాయన సగంలోనే ఆగిపోయాడనుకోండి. జేబులోంచి ఇన్‌హేలర్ తీసి పీల్చుకుంటాడు. ఆయాసం పాతదే. కానీ ఈమధ్య సాయంత్రమైతే కాళ్లు వాస్తున్నాయి, చెప్పులు పట్టడం లేదు. దాన్ని మాత్రం వయసు ఖాతాలో వేసేస్తాడు. పొరపాటంతా అక్కడే!

ఊపిరి బరువు గుండెకి...

ఏళ్ల తరబడి బీడీ, చుట్ట, కట్టెల పొయ్యి పొగ పీల్చినవారిని పట్టుకునే జబ్బు సీఓపీడీ. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుపోతాయి. వాటిలోకి రక్తాన్ని నెట్టాల్సింది గుండె కుడి భాగం. ఆ బరువు మోసీ మోసీ అది సాగిపోయి, చివరికి చతికిలబడుతుంది. దీన్నే డాక్టర్లు 'కార్ పల్మొనేల్' అంటారు. కాళ్ల వాపు, మెడ దగ్గర నరాలు ఉబ్బడం దాని గుర్తులు. పొగ గుండె రక్తనాళాలనూ వదలదు కాబట్టి ఎడమ వైపూ దెబ్బతినొచ్చు. దేనికైనా పైకి కనిపించేది ఆయాసమే. అందుకే గుండెజబ్బు ఇన్‌హేలర్ చాటున దాక్కుంటుంది.

ఎకోకీ చిక్కే!

ఈసీజీ, ఎక్స్‌రే తర్వాత 2డి ఎకో తీస్తారు. అయితే వీరి ఊపిరితిత్తులు గాలితో ఉబ్బి గుండెను కప్పేస్తాయి. అల్ట్రాసౌండ్ తరంగాలు గాలిని దాటలేవు, బొమ్మ మసకబారుతుంది. అప్పుడు పక్కటెముకల కింద, పొట్ట పైభాగాన ప్రోబ్ పెట్టి చూస్తారు. గుండె కొట్టుకున్నప్పుడు కుడి కవాటం అంచు కదలిక 17 మిల్లీమీటర్లకన్నా తక్కువుంటే కుడి వైపు బలహీనపడినట్టే. రిపోర్టులో 'ఈఎఫ్ 60' అని చూసి సంబరపడొద్దు. అది ఎడమ వైపు లెక్క! 'కుడి వైపు ఎలా ఉంది? ఊపిరితిత్తుల్లో బీపీ ఎంత?' అని అడగండి. అనుమానం తీరకపోతే బీఎన్‌పీ రక్తపరీక్ష ఉంది.

తెలిస్తే ఏం లాభం?

చాలా ఉంది. ఆక్సిజన్ బాగా పడిపోయినవారు ఇంట్లోనే రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని 1980, 81ల్లో అమెరికా, బ్రిటన్ అధ్యయనాలు తేల్చాయి. వాపుకి మందులున్నాయి. గుండె మాత్రలు ఆయాసం పెంచుతాయేమోనని సొంతంగా మానొద్దు.

2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్‌కి మెట్రో వచ్చింది. అదే లైన్లో పంజాగుట్టలో నిమ్స్, ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి. గుండె, ఊపిరి ఒకే దారిలో ఉన్నట్టే! ఈ డాక్టరు చీటీ ఆ డాక్టరుకి, ఆయన రిపోర్టు ఈయనకి చూపించడం మరవకండి.