డెంగీలో పడిపోయే ప్లేట్‌లెట్సే గుండెలో గడ్డ కడితే?

మన వరంగల్‌లో వానాకాలం వచ్చిందంటే ప్రతి గల్లీలో వినబడే ప్రశ్న ఒకటుంది: "ప్లేట్‌లెట్స్ ఎంతున్నయ్?" లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాల్సిన కౌంట్ యాభై వేలకు పడితే చాలు, ఒకరు బొప్పాయి ఆకు రసం తెస్తారు, ఇంకొకరు డోనర్ కోసం వాట్సాప్ స్టేటస్ పెడతారు. అట్ల ప్లేట్‌లెట్స్ అంటే తగ్గితేనే భయం అని మన మైండ్‌లో ఫిక్సయిపోయింది. ఈ ఎపిసోడ్ దానికి రివర్స్. కౌంట్ నార్మల్‌గానే ఉంది, కానీ అవి అతుక్కోకూడని చోట అతుక్కున్నాయి. అప్పుడేంటి?

ఇది మా ఇంట్లోనే ఎదురైంది. పోయినేడు మా బాపుకు స్టెంట్ వేశారు. నాలుగు నెలలకు పన్ను నొప్పి మొదలైంది, పీకించాలన్నారు. తెలిసినాయన ఒకరు "రక్తం పలచబడే గోళీలు వేసుకుంటే నెత్తురు ఆగదన్నా, వారం బంద్ పెట్టు" అని సలహా ఇచ్చారు. బాపు నాకు చెప్పకుండా రెండ్రోజులు బంద్ పెట్టిండు. షీట్‌లో మిగిలిన గోళీలు లెక్కపెడితే బయటపడింది. అడిగితే "నేను మంచిగనే ఉన్న గదరా" అన్నాడు. డాక్టర్‌కు ఫోన్ చేస్తే ముందు తిట్లు పడ్డాయి, తర్వాత వివరణ. ఆ వివరణ పట్టుకుని నేను చదువుకున్నదే ఇప్పుడు చెప్తున్నా.

ప్లేట్‌లెట్ అంటే పూర్తి కణం కూడా కాదు. ఎముక మజ్జలోని పెద్ద కణం నుంచి తెగిపడిన ముక్క. సైజు రెండు మూడు మైక్రాన్లు, లోపల న్యూక్లియస్ ఉండదు, ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. మన ఒళ్లు రోజుకు దాదాపు 10,000 కోట్ల కొత్తవి తయారు చేస్తుంది.

కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. రక్తనాళం లోపలి పొర చినిగి, కింద దాగి ఉన్న కొల్లాజెన్ బయటపడుతుంది. దారిన పోయే ప్లేట్‌లెట్ దానికి తగులుకుంటుంది. పళ్లెంలా ఉన్నది కాస్తా ముళ్లు మొలిచినట్టు ఆకారం మార్చి, ఏడీపీ, థ్రాంబాక్సేన్ ఏ2 అనే రసాయనాలు వదులుతుంది. అవి పక్క ప్లేట్‌లెట్స్‌ని లేపుతాయి, అవి ఇంకొన్నిటిని. వాట్సాప్ ఫార్వర్డ్ ఎట్ల పాకుతుందో అట్లనే. లేచిన ప్రతి ప్లేట్‌లెట్ మీద వేలకొద్దీ కొక్కేలు తెరుచుకుంటాయి. రక్తంలోని ఫైబ్రినోజెన్ ఒక కొక్కేనికీ ఇంకో కొక్కేనికీ మధ్య తాడులా పట్టుకుంటుంది. ఇదే ప్లేట్‌లెట్ అగ్రిగేషన్. తెగిన వేలికి ఇది ప్రాణదాత.

ఇప్పుడు గుండెకు రక్తం తెచ్చే నాళం చూద్దాం. ఏళ్ల తరబడి గోడలో కొవ్వు పేరుకుంటుంది. దాని మీది పల్చటి పొర ఒకరోజు పగులుతుంది. ప్లేట్‌లెట్‌కు కత్తిగాటుకూ కొవ్వు పగులుకూ తేడా తెలియదు. కోడ్‌లో ఒకటే కండిషన్: కొల్లాజెన్ కనబడిందా, అతుక్కో. మూడు నాలుగు మిల్లీమీటర్ల నాళంలో ఆ గడ్డ పెరిగి దారి మూస్తే హార్ట్ ఎటాక్. మెదడు నాళంలో అయితే పక్షవాతం. సిగరెట్, షుగర్ ఉన్నవాళ్లలో ప్లేట్‌లెట్స్ ఇంకా తొందరగా రెచ్చిపోతాయి. కొత్త స్టెంట్ అయితే నాళంలో బయటి లోహం. దాని మీద లోపలి పొర కప్పుకునేదాకా గోళీలే కాపలా. బాపు బంద్ పెట్టింది సరిగ్గా ఆ కాపలానే.

ఇది సిటీ వాళ్ల రోగం అనుకోకండి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 ఊళ్లలో మరణాల కారణాలు నమోదు చేస్తే, గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో తేలాయి. వాటా 32 శాతం.

ఆస్పిరిన్ ఏం చేస్తుందో 1971లో జాన్ వేన్ తేల్చారు, 1982లో నోబెల్ వచ్చింది. ప్లేట్‌లెట్‌లో థ్రాంబాక్సేన్ తయారుచేసే ఎంజైమ్‌ను అది శాశ్వతంగా మూసేస్తుంది. న్యూక్లియస్ లేదు కదా, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. ఆ ప్లేట్‌లెట్ చచ్చేదాకా ఆ సిగ్నల్ మ్యూట్. అందుకే 75 మిల్లీగ్రాముల చిన్న గోళీ సరిపోతుంది. "రక్తం పలచబడటం" అనేది మన వాడుక మాటే గానీ రక్తం నీళ్లలా ఏమీ కాదు. కౌంట్ కూడా మామూలుగా తగ్గదు. తగ్గేది జిగురు. 1988లో వచ్చిన ఐసిస్-2 ట్రయల్‌లో 17,187 మంది హార్ట్ ఎటాక్ అనుమానిత రోగులను చూశారు. నెల రోజుల ఆస్పిరిన్‌తో అయిదు వారాల్లో గుండె, రక్తనాళ మరణాలు 23 శాతం తగ్గాయి.

రెండో గోళీ క్లోపిడోగ్రెల్ ఏడీపీ సిగ్నల్‌ను ఆపుతుంది. కానీ ముందు లివర్ దాన్ని యాక్టివేట్ చేయాలి. ఆ పని చేసే జీన్ కొందరిలో బలహీనంగా ఉంటుంది, దక్షిణాసియా వాళ్లలో ఇది ఎక్కువే. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద గట్టి హెచ్చరిక పెట్టింది. కాబట్టి పక్కింటాయన గోళీ మీ నాన్నకు అదే పని చేస్తుందని లేదు.

అయితే ఈ వీడియో చూసి ఆరోగ్యంగా ఉన్నోళ్లు రోజూ ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దు, ప్లీజ్. 2018లో వచ్చిన ఆస్ప్రీ ట్రయల్‌లో 19,114 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లను చూస్తే గుండెకు చెప్పుకోదగ్గ లాభం లేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. ఇక డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ అసలే వద్దు, పారాసిటమాలే. ఒకవేళ స్టెంట్ ఉన్న మనిషికే డెంగీ వస్తే? కౌంట్ పడుతుంటుంది, గోళీ ఆపితే స్టెంట్ మూసుకునే భయం. ఆ లెక్క కార్డియాలజిస్ట్ వేయాల్సిందే, గూగుల్ కాదు, నేనూ కాదు. ఛాతీ నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా ముందు 108కి కొట్టండి.

బాపు పన్ను సంగతి అడుగుతారని తెలుసు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని, గోళీలు ఆపకుండానే పీకారు. దూది కొంచెం ఎక్కువసేపు కొరికి పట్టుకోమన్నారు. ఆ సాయంత్రం ఐస్‌క్రీమ్ తిన్నాడు, ఇప్పుడు గోళీల షీట్ మీద తేదీలు తనే రాసుకుంటున్నాడు.