త్రీ నాట్ త్రీ రైఫిల్‌కు చవక నకలు.. సాధ్యమేనా? లెక్క ఎక్కడ తప్పుతోందంటే..

మొజంజాహీ మార్కెట్ నుంచి అబిడ్స్ మీదుగా ఫతే మైదాన్ వైపు వెళ్తే గన్‌ఫౌండ్రీ వస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు. నిజాం అలీ ఖాన్ కాలంలో, 1786లో ఫ్రెంచ్ సేనాని రేమండ్ అక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. అంటే ఆయుధాల తయారీ ఈ ఊరికి కొత్తేమీ కాదు.

మరి పాత యుద్ధాల నాటి రైఫిల్‌ను అచ్చం అలాగే, తక్కువ ధరకు మళ్లీ తయారు చేయొచ్చా? త్రీ నాట్ త్రీ అభిమానులు తరచూ అడిగే ప్రశ్న ఇది. చేయడం సాధ్యమే. చవకగా చేయడమే కష్టం. ఎందుకో చూద్దాం.

అప్పుడు ఎలా గిట్టుబాటైంది?

త్రీ నాట్ త్రీ అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. బ్రిటిష్ సైన్యంలోకి 1895లో వచ్చింది. మన దగ్గర బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో లక్షల సంఖ్యలో ఆర్డర్లు వచ్చాయి. కొనేది ప్రభుత్వమే కాబట్టి సరుకు మిగిలిపోతుందన్న భయం లేదు. గట్టి ఉక్కు ముద్దను ఒక్కో మెషీన్ మీద చెక్కుతూ, చివరికి చేత్తో బిగించేవాళ్లు.

ఇప్పుడు అదే పని చేయాలంటే డైలు, ఫిక్చర్లు, గేజ్‌లు, బ్యారెల్ మెషీన్లు అన్నీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవాలి.

ఉదాహరణకు, వీటికే 10 కోట్లు అయ్యాయనుకుందాం. లక్ష రైఫిళ్లు అమ్మితే ఒక్కోదానిపై పడే భారం వెయ్యి రూపాయలు. వెయ్యి మాత్రమే అమ్మితే ఒక్కోదానిపై లక్ష రూపాయలు! ఉక్కు, కర్ర, కూలీ ఖర్చులు ఇంకా కలపనే లేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

పాతదే కొత్తదానికి పోటీ

అమెరికాలో ఇంకో సమస్య ఎదురైంది. యుద్ధాలయ్యాక సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్లు అక్కడికి గుట్టలుగా చేరాయి. ఇషాపూర్‌లో తయారైనవీ వాటిలో ఉన్నాయి. 2000ల్లో రష్యా మోసిన్-నగాంత్ అక్కడ వంద డాలర్ల దరిదాపుల్లోనే దొరికేది. అసలు సరుకే ఆ ధరకు వస్తుంటే కొత్త నకలును ఎవరు కొంటారు?

ఆస్ట్రేలియన్ ఇంటర్నేషనల్ ఆర్మ్స్ అనే సంస్థ లీ-ఎన్‌ఫీల్డ్ తరహాలో కొత్త రైఫిళ్లు తెచ్చినా ఎక్కువకాలం సాగలేదు. ఇటలీలో పెదెర్సోలి, ఉబెర్తి మాత్రం నిలబడ్డాయి. కారణం.. అవి చేసేవి ఎక్కువగా 19వ శతాబ్దపు తుపాకుల నకళ్లు. వాటి అసళ్లు అరుదు, పైగా చాలా ఖరీదు. అంటే అసలుది దొరకనప్పుడే నకలుకు గిరాకీ.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

ఇక్కడ మెషీన్ల కన్నా ముందు చట్టం అడ్డొస్తుంది. పాతదైనా కొత్తదైనా, పేలే సామర్థ్యం ఉంటే అది తుపాకీయే. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ తప్పనిసరి. పైగా .303 ప్రొహిబిటెడ్ బోర్ కిందకు వస్తుంది కాబట్టి మామూలు లైసెన్స్‌పై దొరకదు. 2019 సవరణతో ఒకరికి మూడు ఆయుధాల పరిమితి రెండుకు తగ్గింది. ఉన్న ఒకటి రెండు చోట్లా అక్కరకొచ్చే తుపాకీ పెట్టుకుంటారే తప్ప, ముచ్చట కోసం పాత మోడల్ కొనేవాళ్లు ఎంతమంది?

నిజానికి మన దగ్గర ఒక నకలు లాంటిది ఇప్పటికే ఉంది. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల .315 స్పోర్టింగ్ రైఫిల్. లోపలి యంత్రాంగం లీ-ఎన్‌ఫీల్డ్‌దే, తూటా మాత్రం వేరు. సైన్యం కోసం పెట్టిన మెషీన్లు అప్పటికే ఉండటంతో ఇది సాధ్యమైంది. కొత్తగా దిగే ప్రైవేటు కంపెనీకి ఆ సౌకర్యం ఉండదు.

హైదరాబాద్‌లో నైపుణ్యం లేక కాదు. డీఆర్‌డీవోతో కలిసి ఇక్కడి ద్వీప సంస్థ రూపొందించిన ఉగ్రమ్ రైఫిల్ 2024 జనవరిలో బయటికొచ్చింది. కానీ అది బలగాల అవసరాల కోసం చేసింది. పెద్ద ఆర్డర్ల ఆశ ఉన్నచోటే పెట్టుబడి పెడతారు మరి.

ఇది మర్చిపోవద్దు

చవకగా చేసిస్తామంటూ ఎవరైనా నాటు కార్ఖానా దారి చూపిస్తే అటు పోవద్దు. లైసెన్స్ లేకుండా తుపాకీ తయారు చేసినా, అమ్మినా కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. ప్రాణానికీ ముప్పే. కాలే క్షణంలో ఛాంబర్‌లో పుట్టే ఒత్తిడికి నాసిరకం ఉక్కు పగిలిపోతుంది. దెబ్బ తగిలేది పట్టుకున్నవాడికే.

తాత వాడిన పాత తుపాకీ ఇంట్లో ఉందా? బాగు చేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధానికి చట్టంలోని సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. అయితే అది పేలుతుందో లేదో మీ అంతట మీరే తేల్చుకోకండి. పోలీస్ స్టేషన్‌లో అడగడం మేలు.

ఇక చూడాలన్న ముచ్చట మాత్రమే ఉంటే పెద్ద ఖర్చేం లేదు. మొజంజాహీ మార్కెట్‌కు దగ్గర్లోనే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో పాత ఆయుధాలు ఉన్నాయి. టికెట్ కొంటే చాలు, లైసెన్స్ అక్కర్లేదు.